పెద్దన్న బండి దీపాలు

మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ కొత్తగా తెరిచిన రోజుల్లో దాని వెనక ఇంకా అన్నీ బండలే. పొద్దున ఇంజనీర్లను దింపి, సాయంత్రం మళ్ళీ ఎక్కించుకునేదాకా మా ట్రావెల్స్ డ్రైవర్లం ఆ బండల నీడలో కార్లు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. చుట్టుపక్కల హోటల్ లేదు. టార్పాలిన్ కట్టిన చాయ్ కొట్టు ఒకటి ఉండేది. టిఫిన్ డబ్బాలు కడిగి బానెట్ మీద ఆరబెట్టాక పంచాయితీ మొదలయ్యేది.

పంచాయితీ అంటే పోట్లాట కాదు. కొత్త సినిమా ఎలా ఉంది, ఏ హోటల్లో భోజనం బాగుంది, కారుకు ఏ సామాను పెట్టిస్తే మేలు, వీటి మీదే మా వాదనలన్నీ. ఒకరు అభిప్రాయం చెప్పాలి, ఇంకొకరు కాదనాలి, చివర తీర్పు నేను చెప్పాలి. ఓడినవాడు అందరికీ చాయ్ తాగించాలి. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు. తీర్పు చెప్పే పని నాకెందుకు వచ్చిందో మాత్రం బాగా గుర్తుంది. నేను వీలు దొరికినప్పుడల్లా చందానగర్ లైబ్రరీకి పోయేవాణ్ణి.

పదో తరగతి తప్పి కడప నుంచి వచ్చినవాణ్ణి నేను. చదువు మీద ఆశ మాత్రం పోలేదు. లైబ్రరీలో పేపర్లతో మొదలుపెట్టి, వారపత్రికలు అయ్యాక, బీరువా పైవరసలో దుమ్ముపట్టి ఉన్న విజ్ఞాన సర్వస్వం సంపుటాలు పట్టుకున్నాను. మొదటి పేజీ నుంచి, ఏదీ వదలకుండా. కాంతి, కొండలు, కొలతలు, కోళ్ళ పెంపకం. ఏది ఎందుకు పనికొస్తుందో తెలియకపోయినా చదివాను. కొన్నాళ్ళకు లైబ్రేరియన్ ఆ బీరువా తాళంచెవి నా చేతికే ఇవ్వడం మొదలుపెట్టాడు. అంతకు ముందు నాకెవరూ అంత గౌరవం ఇవ్వలేదు. ఇప్పటికీ దాన్ని తక్కువ చేసి చెప్పలేను.

తీర్పుల్లో ఎక్కువసార్లు ఓడేది పెద్దన్న. మా అందరిలోకీ పెద్దవాడు, యాభై దాటాయి. తెల్లాపూర్‌లో పుట్టి, పాతికేళ్ళు లారీ తోలి, ఆ తర్వాత కారు పట్టాడు. నన్ను ఈ ట్రావెల్స్‌లో చేర్పించింది ఆయనే. ఈ ఊళ్ళో ఆటోలనూ బస్సులనూ తప్పించుకుంటూ బండి తోలడం నేర్పిందీ ఆయనే.

సినిమా విషయంలో పెద్దన్నకు ఒక పట్టుదల ఉండేది.

"లైట్లు ఆర్పకముందే కుర్చీల కూసోవాలె. సబ్బుబిల్ల అడ్వటైజ్‌మెంట్ కాడికెల్లి చూస్తెనే సినిమా చూసినట్టు," అనేవాడు.

ఆట అయిపోయాక హాలంతా ఖాళీ అయ్యేదాకా లేచేవాడు కాదు. మేము బయట సైకిల్ స్టాండు దగ్గర నిలబడి తిట్టుకుంటుంటే, అందరికంటే చివర, గోడ పక్క నుంచి నెమ్మదిగా వచ్చేవాడు. ఒకసారి అందరం చూసొచ్చిన సినిమాలో సగం కథ చీకట్లోనే నడిచింది. మరునాడు పంచాయితీలో దాన్ని తిట్టిపోశాడు.

"ఏం సినిమా తమ్మీ అది? అంత చీకటే. ఎవడు ఎవన్ని పొడిచిండో తెల్వలే."

"పొడిచింది తమ్ముడండీ, పోయింది అన్న. హాల్లో అందరికీ కనపడింది, మీకు తప్ప," అన్నాడు గోదావరి డ్రైవరు. మాలో అందరినీ 'అండీ' అంటూనే ఏడిపించేవాడు అతను. నావైపు తిరిగి, "ఏవండీ పంతులుగారూ, తీర్పు చెప్పండి మరి," అన్నాడు.

చీకటి కూడా కెమెరా పనితనమేనని, వెలుగు తగ్గించి చూపిస్తే భయం పెరుగుతుందని, ఈ సంగతి మీద ఒక పత్రికలో పెద్ద వ్యాసం చదివానని చెప్పాను. పెద్దన్న తల ఊపి, చాయ్ కొట్టు వైపు చెయ్యెత్తి ఐదు వేళ్ళు చూపించాడు.

దసరాకు కార్లన్నీ కడిగి పూజ చేశాక ఓనరు ఏటా మాకు భోజనం పెట్టించేవాడు. ఆయనది అనంతపురం. ఆ ఏడు మియాపూర్ దగ్గర హైవే మీద కొత్తగా తెరిచిన ఏసీ రెస్టారెంటుకు తీసుకుపోయాడు. బయట మిట్టమధ్యాహ్నం ఎండ. లోపల కిటికీలకు నల్ల అద్దాలు, ఒక్కో బల్ల మీద వెదురు బుట్ట కింద ఒక చిన్న దీపం. తలుపు దాటగానే పెద్దన్న ఆగిపోయాడు. పిడి వదలకుండా కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. ప్రేమతో వేశాడనుకుని నేనూ ఆయన నడుం మీద చెయ్యి వేసి నడిచాను. కూర్చున్నాక ఆయన మోచెయ్యి తగిలి పక్కనున్న నీళ్ళ గ్లాసు గోదావరి డ్రైవరు ఒళ్ళో పడింది.

"పూజ కార్లకే అనుకున్నానండీ. నాకూ అభిషేకం చేసేశారు," అన్నాడతను చొక్కా దులుపుకుంటూ.

"గుడ్డి దీపాల హోటల్," అన్నాడు పెద్దన్న. "కంచంల బొక్క ఏదో ముక్క ఏదో తెలుస్తలేదు. మన పాత ఇరానీ హోటలే నయం. ట్యూబ్‌లైట్లు ధగధగ ఉంటయి."

నేను అన్నం ముందు కూర్చునే తీర్పు చెప్పాను. వెలుతురు తగ్గితే నాలుక మీదికి ధ్యాస పోతుందని, విదేశాల్లో పెద్దవాళ్ళు కొవ్వొత్తుల వెలుగులో భోంచేస్తారని. ఓనరు నావైపు మెచ్చుకోలుగా చూశాడు.

"ఏమప్పా, ఇంత చదివినావే. ఒక పని చెయ్యి. మనోళ్ళు బండ్లకు ఎవరికి తోచిన సామాను వాళ్ళు బిగిస్తాండారు. కంపెనీవాళ్ళు ఇదేంది అంటాండారు. ఏది ఉంచల్ల, ఏది తీసెయ్యల్ల, రాసియ్యి నాకు," అన్నాడు.

సామానంటే ఎక్కువగా పెద్దన్న బండిదే. రాణిగంజ్ పోయి ఒక్కొక్కటే తెచ్చి పెట్టించుకున్నాడు. బంపర్ కింద రెండు పసుపు దీపాలు, పైన రెండు తెల్ల దీపాలు. తలుపుల అద్దాల మీద ఇంకో రెండు గుండ్రటి ఉబ్బు అద్దాలు. బంపర్ ఎడమ మూలన నిటారుగా ఒక సన్నని కడ్డీ, దాని కొసన ఎర్ర బల్బు. "బండి తోలుతున్నారా, పెళ్ళి ఊరేగింపు తీస్తున్నారాండీ?" అని గోదావరి డ్రైవరు అడగని రోజు లేదు.

రెండు రోజులు లైబ్రరీలో కూర్చుని రాశాను. కాంతి గురించి చదివిందంతా పనికొచ్చింది. ఎదుటి బండివాడి కళ్ళలో పడే దీపం ప్రమాదకరమని, అద్దం మీద ఇంకో అద్దం అనవసరమని, బంపర్ కడ్డీ ఒట్టి లారీ అలవాటని, తెల్ల కాగితాల మీద అంచులకు ఎర్ర గీతలు గీసి రెండు పేజీలు. స్టీరియో మాత్రం ఉంచవచ్చని రాశాను. అది నా బండిలో ఉంది, నాకు ఇష్టం కూడా. చివర సంతకం పెట్టినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఆ వారంలోనే మెకానిక్ వచ్చి అన్నీ విప్పేశాడు. నేను పోయేసరికి పెద్దన్న తన బండి ముందు గొంతుక్కూర్చుని, బోల్టులు తీసిన రంధ్రాల చుట్టూ గుడ్డతో తుడుస్తున్నాడు.

"తమ్మీ, గీ లైట్లు నీకేం అడ్డమొచ్చినయి?" అని అడిగాడు.

కాంతి గురించి చెప్పాను. ఎదుటివాడి కళ్ళ గురించి చెప్పాను.

"సదువుకున్నోనివి. నీ మాటనే కానీ," అని మళ్ళీ తుడవడంలో పడ్డాడు.

కార్తీకం వచ్చింది. పొద్దు తొందరగా గుంకడం మొదలైంది. ఒకరోజు నా కారు షెడ్డులో ఉంటే, సాయంత్రం ట్రిప్పుకు పెద్దన్న కారులో ముందు సీట్లో కూర్చున్నాను. వెనక ఇద్దరు ఇంజనీరు అమ్మాయిలు. ఒకామెది మియాపూర్, ఇంకొకామెది చందానగర్. రోజూ ఆ బండిలోనే పోతారు, పెద్దన్నను అంకుల్ అంటారు.

సూర్యుడు దిగాడు గానీ ఆకాశం ఇంకా తెల్లగానే ఉంది. నాకు అన్నీ కనబడుతున్నాయి. కొత్తగూడ దాటాక పెద్దన్న ఒక సిమెంటు లారీ వెనక చేరాడు. పక్కన దారి ఖాళీగా ఉన్నా దాన్ని దాటలేదు. ఛాతీ స్టీరింగుకు ఆనించి, లారీ వెనకున్న ఎర్ర దీపాన్నే చూస్తూ, అదెంత నెమ్మదిగా పోతే అంత నెమ్మదిగా పోతున్నాడు. నేను వెనక్కి తిరిగి అమ్మాయిలతో ఏదో సినిమా గురించి వాదిస్తున్నాను. హీరోయిన్‌కు బుద్ధి లేదని నేను, హీరోకే లేదని వాళ్ళు.

కొండాపూర్ దగ్గర ఒకచోట కొత్త మేడకు పునాదులు తవ్వుతున్నారు. లారీ ఎడమకు తిరిగి అందులోకి పోయింది. పెద్దన్న కూడా ఎడమకు తిప్పాడు. మట్టి మీద కారు ఎగిరెగిరి పడింది.

"అన్నా, ఎక్కడికి?" అన్నాను. లారీ పక్కకు తప్పుకుంది. ముందు నేల లేదు.

"ఆపన్నా!" అని అరిచి హ్యాండ్‌బ్రేకు లాగాను. కారు జారి ఆగింది. దిగి చూస్తే ముందు చక్రానికీ గోతికీ మధ్య జానెడు మట్టి ఉంది. గోతిలో ఇనుప చువ్వలు నిలబెట్టి ఉన్నాయి.

చందానగర్ అమ్మాయి ఏడుస్తోంది.

"ఏం కాలే బిడ్డా. అడ్డదారి అనుకున్న," అన్నాడు పెద్దన్న. గొంతు మామూలుగానే ఉంది. స్టీరింగు మీంచి చేతులు మాత్రం తీయడం లేదు.

"దిగన్నా, నేను తోలుతా," అన్నాను. వాదించకుండా దిగాడు. కారు వెనక నుంచి, దాని ఒంటిని అరచేత్తో తడుముకుంటూ, అడుగడుక్కీ నేలను కాలితో చూసుకుంటూ ఇవతలికి వచ్చాడు. ఆ వెలుగులో నాకు నేల మీది గులకరాళ్ళు కూడా కనబడుతున్నాయి. సినిమా హాలు, ఏసీ హోటలు, బండి దీపాలు. ఇన్నాళ్ళూ ఆయన చెబుతూ వచ్చింది ఒక్కటే సంగతి. దాని మీద నేను మూడు తీర్పులు చెప్పాను.

అమ్మాయిలను దింపేశాక చందానగర్ బజారులో ఒక స్టీలు సామాన్ల దుకాణం ముందు కారు ఆపాను. అక్కడ వెలుతురు బాగా ఉంది. నేను అడగకముందే ఆయన చెప్పాడు.

"చిన్నప్పటి సంది రేచీకటి ఉండె. మా నాయినకు గూడ ఉండె. లారీ మీద ఉన్నప్పుడు క్లీనర్ పక్కన కూసోని చెప్పేటోడు, ఎడమకు కొట్టు, ముంగట ఎడ్లబండి ఉంది అని. గట్ల ఎల్లిపోయింది. ఇప్పుడు పక్కలకు గూడ కనిపిస్తలేదు తమ్మీ. గొట్టంల కెల్లి చూసినట్టుంటది."

"ఎవరికైనా చెప్పినావా అన్నా?"

"చెప్తే తాళాలిస్తరా? నాకు ఇంకో పని ఏమొస్తది?" అన్నాడు. తర్వాత నావైపు పూర్తిగా తిరిగాడు. "నువ్వు గన్ని బుక్కులు సదివినవ్. దేంట్లనన్న మందు రాసి ఉండదా? జర చూడు."

దవాఖానకు పోదాం పదన్నా అనాల్సింది. చూస్తానన్నాను. ఆయన డాక్టరును కాకుండా నన్ను అడిగాడు. ఆ మాట నాకు బాగుంది.

మరునాడు లైబ్రరీలో వైద్యం పుస్తకం తీశాను. రేచీకటిలో ముఖ్యంగా రెండు రకాలు చెప్పారు అందులో. ఒకటి తిండిలో లోపం వల్ల వస్తుంది, ఆకుకూరలూ కాలేయమూ తింటే తగ్గుతుంది. రెండోది తండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది, చూపు చుట్టూరా నుంచి మూసుకుంటూ వస్తుంది, దానికి మందు లేదు. ఈ రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. 'మా నాయినకు గూడ ఉండె' అన్న మాట నా చెవుల్లోనే ఉంది. అయినా మొదటి రకం గురించి మాత్రమే కాగితం మీద రాసుకొచ్చి ఆయనకు చదివి వినిపించాను. ఆయన నమ్మాడు. రోజూ పొన్నగంటి కూర, వారానికి రెండుసార్లు మేక కాలేయం. సాయంత్రం నా వాళ్ళను దింపి వచ్చి ఆయన బండి కూడా నేనే తోలేవాణ్ణి, పొద్దున ట్రిప్పులు ఆయన. ఓనరుకు చెప్పలేదు. గోదావరి డ్రైవరుకు కూడా చెప్పలేదు.

ఆరు వారాలు అలా నడిచింది. పొద్దున నా కారుతో ఆయన వెనకే పోయేవాణ్ణి, ఆ కారులో ఇద్దరమ్మాయిల తలలు కనబడుతూ ఉండేవి. ఏమైనా జరిగితే వెనకున్న నేను చేయగలిగింది ఏమీ లేదని తెలిసి కూడా పోయేవాణ్ణి.

"జర నయమైనట్టుంది తమ్మీ," అనేవాడు పెద్దన్న మధ్యాహ్నం పూట, ఎండలో కళ్ళు చికిలించి. నేను అవునన్నట్టు తల ఊపేవాణ్ణి.

ఒకరోజు హఫీజ్‌పేట దగ్గర ఎడమ పక్క సందులోంచి ఒక సైకిల్ మనిషి వచ్చాడు. పట్టపగలు. పాలక్యాన్లు కట్టుకుని, మామూలు వేగంతో వస్తున్నాడు. పెద్దన్న బ్రేకు మీద కాలు కూడా వేయలేదు. ఆ మనిషే సైకిల్‌ను పక్క కాలువలోకి తిప్పేసి పడ్డాడు. పాలు పోయాయి, మోచెయ్యి చీరుకుంది. పెద్దన్న కారు అలాగే పోయింది. ఆయనకు అక్కడ ఒక మనిషి ఉన్నట్టే తెలియలేదు. నేను ఆగి ఆ మనిషిని లేపాను. "కండ్లు దొబ్బినయా వానికి?" అని తిడుతున్నాడు. నేను అవునని చెప్పలేక, క్యాన్లు ఎత్తి ఇచ్చాను.

మరునాడే పెద్దన్నను కళ్ళ దవాఖానకు తీసుకుపోయాను. ఒక గదిలో పెద్ద తెల్ల గిన్నె లాంటి యంత్రం ముందు ఆయన్ని కూర్చోబెట్టి, గడ్డం ఆనించి, చేతికి ఒక బొత్తాం ఇచ్చారు. గిన్నెలో ఎక్కడ వెలుగు చుక్క కనబడినా బొత్తాం నొక్కాలి. నన్ను పక్కన నిలబడనిచ్చారు. గిన్నె అంచుల్లో చుక్కలు మెరుస్తున్నాయి. పక్క నుంచి చూస్తున్న నాకే కనబడుతున్నాయి. పైన ఒకటి, ఎడమన ఒకటి, కింద ఒకటి. పెద్దన్న బొటనవేలు కదలడం లేదు. ఎప్పుడో చుక్క నట్టనడుమకు వచ్చినప్పుడు మాత్రం గట్టిగా నొక్కేవాడు, పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చిన పిల్లవాడిలాగా.

ఇది వంశంలో వచ్చేదేనని, బండి తోలకూడదని, పగలు కూడా తోలకూడదని డాక్టరు చెప్పింది.

"ఆరు వారాల ముందు వచ్చి ఉంటే ఏమైనా ఉండేదా అమ్మా?" అని అడిగాను.

"అప్పుడైనా మందు లేదు," అంది. "ఆరు వారాల ముందే తోలడం మానేసేవారు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పెద్దన్న దవాఖాన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బాలానగర్ దాటాక నెమ్మదిగా అన్నాడు.

"పొద్దుగాల ఒక్క ట్రిప్పు తోలుత తమ్మీ. ఎండల నాకు మంచిగనే కనపడ్తది. నువ్వు ఎన్కనే వస్తవ్ గద."

నేను కాదనలేదు. ఒప్పుకున్నాననే అనుకున్నాడు.

మరుసటి పొద్దున నేను ఆఫీసుకు పోయేసరికి ఆయన అప్పటికే వచ్చి ఉన్నాడు. గుండీలు పైదాకా పెట్టుకుని, తల దువ్వుకుని, ఓనరు బల్ల ముందు నిలబడ్డాడు. ఓనరు గోడ మేకు మీంచి తాళం తీసి ఇచ్చాడు.

"సార్, ఆయనకు తాళం ఇయ్యద్దు," అన్నాను.

"ఏమప్పా, ఏమయింది?"

చెప్పాను. గొయ్యి సంగతి, పాల మనిషి సంగతి, డాక్టరు మాట. నేను వెనక కారులో పోతూ చూసిన ఆరు వారాలు కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు ఓనరు ముఖం మారింది. పెద్దన్న వైపు తిరిగాడు.

"నిజమేనా?"

"తమ్మి అబద్ధం చెప్పడు సార్. బుక్కుల ఉన్నదే చెప్తడు," అన్నాడు పెద్దన్న. తాళం బల్ల మీద పెట్టబోయాడు. బల్ల అంచు అందక అది కింద పడింది. నేను వంగి తీశాను.

ఓనరు ఆయన్ని పంపేయలేదు. కొన్నాళ్ళకు ఆఫీసులో ఫోను దగ్గర కూర్చోబెట్టాడు. ఏ బండి ఎటు పోవాలో చెప్పడం ఆయన పని, దారులన్నీ నోటికి వచ్చు. నాతో పని వరకూ మాట్లాడేవాడు. కానీ తమ్మీ అని మళ్ళీ పిలవలేదు. డ్రైవర్ సాబ్ అనేవాడు.

ఆ పొద్దున మాత్రం, నేను ఆయన తాళం పట్టుకుని గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అన్నాడు, "బిడ్డలు అడుగుతరు. జరమొచ్చిందని చెప్పకు. ఉన్నది చెప్పు."

మియాపూర్ అమ్మాయి ముందు ఎక్కింది. తర్వాత చందానగర్ అమ్మాయి. కారు హైవే దాటి లోపలి రోడ్డు ఎక్కాక అడిగారు.

"అంకుల్ రాలేదా?"

"ఆయన ఇక బండి తోలరమ్మా. కళ్ళు కనిపించవు."

"అయ్యో! ఎప్పటి నుంచి?"

"చాలా రోజుల నుంచే."

అద్దంలో చూస్తే చందానగర్ అమ్మాయి కిటికీ పక్కన వేలాడే పట్టీ పట్టుకుని ఉంది.

"మరి ఇన్నాళ్ళూ పొద్దున మమ్మల్ని..." అని ఆగింది. తర్వాత, "మీకు తెలుసా?" అని అడిగింది.

"తెలుసమ్మా. ఆ గొయ్యి రోజు నుంచి తెలుసు."

ఆమె మాదాపూర్‌లో గేటు దగ్గర దిగి, తలుపు నెమ్మదిగా వేసి వెళ్ళిపోయింది. సాయంత్రం మియాపూర్ అమ్మాయి ఒక్కతే వచ్చింది. చందానగర్ అమ్మాయి ఆ తర్వాత మా బండి ఎప్పుడూ ఎక్కలేదు. పొద్దున హైవే మీద సిటీ బస్సు కోసం నిలబడి కనబడేది. నేను కారు నెమ్మది చేసినా తల తిప్పేది కాదు. ఆమె చేసింది తప్పని నేను ఏనాడూ అనుకోలేదు.